బైబిల్లో ఎక్కడుంది? - ఒక ‘మరియు’ కథ

మా టీములో ఒక గుంటూరు జిల్లా కుర్రాడున్నాడు. ఏ పండక్కీ పెద్దగా సెలవడగడు. క్రిస్మస్‌కి కూడా ఆన్‌కాల్ తీసుకుంటాడు. నవంబరు 2న మాత్రం ఎంత పెద్ద రిలీజున్నా సరే, బస్సెక్కి ఊరెళ్ళిపోతాడు. ఆ రోజు సమాధుల పండగ. ఆర్.సి.ఎం. వాళ్ళు సమాధులు శుభ్రం చేసి, పూలు పెట్టి, కొవ్వొత్తులు వెలిగించి, పోయినవాళ్ళ ఆత్మల కోసం ప్రార్థన చేస్తారు.

వాళ్ళ నాన్నగారు పోయిన ఏడాది, ఇంకో సంఘానికి వెళ్ళే బంధువొకాయన వాళ్ళమ్మగారితో, "పోయినోళ్ళ కోసం ప్రార్థన చెయ్యమని బైబిల్లో ఎక్కడుందక్కా? చూపించు," అన్నాట్ట. ఆవిడ చూపించలేకపోయింది. మాట్లాడకుండా లోపలికెళ్ళిపోయి, ఆ రాత్రి అన్నం తినలేదట. ఒకరోజు లంచ్‌లో కుర్రాడు ఇదంతా చెప్పి, "నువ్వు ఆ పుస్తకాలూ ఈ పుస్తకాలూ చదువుతావు కదన్నా, నిజంగానే లేదా?" అని అడిగాడు.

నేను క్రైస్తవుణ్ణి కాదు, నాకేం తెలుసని అప్పటికి తప్పించుకున్నాను. కానీ ప్రశ్న వదల్లేదు. కొన్ని నెలలు వారాంతాల్లో కూచుని చదివాక తెలిసిందేమిటంటే, దానికి జవాబు "ఉంది, లేదు" అని. ఆవిడ బైబిల్లో ఉంది. ఆ బంధువు బైబిల్లో లేదు. కేథలిక్కుల బైబిల్లో 73 పుస్తకాలు, ప్రొటెస్టంట్ల బైబిల్లో 66. ఆ తేడాలో పడిపోయిన పుస్తకాల్లో మక్కబీయుల రెండో గ్రంథం ఒకటి. దాని 12వ అధ్యాయంలో యూదా మక్కబీయుడు యుద్ధంలో చచ్చిపోయిన తన సైనికుల పాపాల కోసం బలి అర్పించమని డబ్బు పోగుచేసి యెరూషలేముకి పంపిస్తాడు.

సరే, సమస్య తీరిపోయింది కదా అనుకోవచ్చు. తీరలేదు, అక్కడే మొదలైంది. బైబిల్లో 73 పుస్తకాలుండాలా, 66 ఉండాలా అన్నది బైబిల్లో ఎక్కడుంది?

ఎక్కడా లేదు. విషయసూచిక అన్నది ఆ పుస్తకంలో భాగం కాదు. దాన్ని ఎవరో బయటినుంచి తయారుచేసి మొదటి పేజీలో పెట్టారు. ఆ ‘ఎవరో’ ఎవరు, వాళ్ళకా అధికారం ఎక్కణ్ణించి వచ్చింది అన్న ప్రశ్న చుట్టూ యూరప్‌లో ప్రాణాలు కూడా పోయాయి. గ్రంథానికీ సంప్రదాయానికీ ఉన్న సంబంధం గురించి కేథలిక్ చర్చి చెప్పేదంతా ఈ ప్రశ్నకి జవాబు వెతుక్కోవడమే. నేను ఊహించుకున్నదేమిటంటే, "బైబిలు ఒక డబ్బా, సంప్రదాయం ఇంకో డబ్బా, రెండూ కలిపితే కేథలిక్ మతం" అని. చాలామంది కేథలిక్కులు కూడా అలాగే అనుకుంటారు. అది తప్పు, లేదా కనీసం వాళ్ళ చర్చి అధికారికంగా ఎన్నడూ అలా అనలేదు. అనబోయి రెండుసార్లు ఆగిపోయింది.

కాస్త వెనక్కి వెళ్దాం. యేసు ఒక్క పుస్తకం కూడా రాయలేదు. పౌలు ఉత్తరాలు 50ల్లో మొదలయ్యాయి. సువార్తలు ఆ తర్వాత, ఒకటో శతాబ్దం చివరి సగంలో వచ్చాయి. అంటే జ్ఞానస్నానాలూ, ప్రభువు విందూ, పెద్దల నియామకం, అన్నీ పుస్తకం లేకుండానే నడుస్తున్నాయి. మా భాషలో చెప్పాలంటే సిస్టం ప్రొడక్షన్లో నడుస్తోంది, డాక్యుమెంటేషన్ తర్వాత వచ్చింది. అదీ ఎప్పటికప్పుడు ఎక్కడో సమస్య వస్తే రాసిన ఈమెయిళ్ళ లాంటివి. కొరింథు వాళ్ళు కొట్టుకోకపోతే పౌలు కొరింథీయులకి ఉత్తరం రాసేవాడా? ఆ పౌలే థెస్సలోనిక వాళ్ళకి, నేను నోటితో చెప్పినవీ ఉత్తరంలో రాసినవీ రెండూ గట్టిగా పట్టుకోమంటాడు. కేథలిక్కులు చూపించే మొదటి వాక్యం ఇదే. ప్రొటెస్టంట్లు వెంటనే మార్కు సువార్త 7వ అధ్యాయం తీస్తారు. అక్కడ యేసు పరిసయ్యుల్ని, మనుషుల సంప్రదాయం కోసం దేవుడి ఆజ్ఞని పక్కన పెట్టారని తిడతాడు. రెండూ అదే పుస్తకంలో ఉన్నాయి మరి.

ఇక్కడ నాకు బాగా నచ్చిన మెలిక ఒకటుంది. రెండో శతాబ్దంలో "మా దగ్గర నోటిమాటగా వచ్చిన రహస్య సంప్రదాయం ఉంది" అని చెప్పుకున్నది చర్చి కాదు, నాస్టిక్కులు. (దేవుడు లేడనే మన నాస్తికులు కాదు, గుప్తజ్ఞానం మా దగ్గరుందన్న వర్గాలు.) యేసు కొందరు శిష్యులకి చెవిలో చెప్పాడు, అది మా గురువుల ద్వారా మాకే వచ్చింది అనేవాళ్ళు. సుమారు 180లో లియోన్ బిషప్పు ఐరేనియస్ వీళ్ళకి జవాబు రాశాడు. పుస్తకంలో లేదు కాబట్టి తప్పు అని ఊరుకోలేదు. సంప్రదాయమంటే రహస్యం కాదు, బహిరంగం అన్నాడు. అపొస్తలులు పెట్టిన సంఘాలు ఇవిగో, వాటిలో ఒకరి తర్వాత ఒకరు వచ్చిన బిషప్పులు వీళ్ళు, ఎవరైనా వెళ్ళి అడగొచ్చు అన్నాడు. రోము బిషప్పుల వరస పేర్లతో సహా ఇచ్చాడు. కాగితం, సిరా ఎరగని అనాగరిక జాతులు కూడా విని నమ్మి సరైన విశ్వాసాన్నే నిలుపుకున్నాయని కూడా రాశాడు. అంటే చెవిలో చెప్పింది సంప్రదాయం కాదు, నలుగురిలో చెప్పింది సంప్రదాయం. ఇది తర్వాత వెయ్యేళ్ళలో చాలామంది మర్చిపోయారు.

పుస్తకాల జాబితా కూడా ఒక్కరోజులో తయారవలేదు. యూసేబియస్ నాలుగో శతాబ్దం మొదట్లో రాసినప్పుడు యాకోబు, యూదా, పేతురు రెండో పత్రిక లాంటివి ‘వివాదంలో ఉన్నవి’ అనే రాశాడు. ఇప్పుడున్న కొత్త నిబంధన 27 పుస్తకాలు సరిగ్గా అదే పట్టీగా కనిపించేది 367లో, అలెగ్జాండ్రియా బిషప్పు అథనేసియస్ ఈస్టరు లేఖలో. పాత నిబంధన దగ్గర జెరోముకీ అగస్టీనుకీ పడలేదు. హీబ్రూలో ఉన్నవే అసలైనవని జెరోము, చర్చిలో చదువుతున్నవన్నీ ఉండాలని అగస్టీను. 393లో హిప్పో, 397లో కార్తేజ్ సభలు అగస్టీను వైపు నిలిచాయి. ఏ కొలబద్దతో అంటే, ‘అన్ని సంఘాల్లోనూ ఆరాధనలో చదువుతున్నారా’ అన్నదే పెద్ద కొలబద్ద. అంటే పుస్తకాన్ని తేల్చింది వాడుక.

ఇంతవరకూ చదివి, "అయితే కేథలిక్కులే గెలిచారన్నమాట" అనుకున్నాను. కానీ సంప్రదాయం పేరుతో ఏదైనా రావచ్చు కదా? దానికి ఉదాహరణ అక్కడే ఉంది. కాన్‌స్టంటైన్ చక్రవర్తి పశ్చిమ సామ్రాజ్యం మీద అధికారాన్ని పోపుకి రాసిచ్చాడని ఒక దానపత్రం ఉండేది. శతాబ్దాల పాటు పోపులు దాన్ని వాడుకున్నారు. 1440లో లోరెంజో వల్లా అనే ఆయన అందులోని లాటిన్ నాలుగో శతాబ్దపు లాటిన్ కాదని, మాటల వాడుకని పట్టుకుని, అది దొంగపత్రమని తేల్చేశాడు. (భాషాశాస్త్రం చేసిన గొప్ప పనుల్లో ఇదొకటని నా అభిప్రాయం.) ఇది సిద్ధాంతం కాదు, రాజకీయమే. కానీ "ఇది మాకు పూర్వంనుంచీ వస్తోంది" అన్న మాట మీద నమ్మకం అలాంటి దెబ్బలతోనే సడలింది.

1519లో లైప్జిగ్‌లో మార్టిన్ లూథరుకీ యోహాన్ ఎక్ అనే వేదాంతికీ వాదన జరిగింది. ఎక్ గట్టివాడు. లూథర్‌ని మెల్లగా లాక్కొచ్చి, చర్చి మహాసభలు కూడా పొరపాటు పడొచ్చని అతని నోటితోనే అనిపించాడు. 1415లో యాన్ హుస్‌ని తగలబెట్టించింది ఒక మహాసభే. ఇక అదే వాదనలో పర్గెటరీ, అంటే పోయినవాళ్ళ ఆత్మలు శుద్ధి అయ్యే స్థితి, దాని ప్రస్తావన వచ్చింది. ఎక్ ఏం తీశాడో ఊహించండి. మక్కబీయుల రెండో గ్రంథం, 12వ అధ్యాయం! లూథర్ జవాబు: ఆ పుస్తకం ప్రామాణిక గ్రంథాల్లో లేదు. చూశారా, మా కుర్రాడి అమ్మగారి ఇంటి వసారాలో జరిగిన వాదన అయిదొందల ఏళ్ళ కిందట లైప్జిగ్‌లో జరిగిపోయింది.

లూథర్‌కి అన్యాయం చెయ్యకూడదు. ‘గ్రంథం మాత్రమే’ అంటే సంప్రదాయమంతా చెత్త అని ఆయన అనలేదు. పాత విశ్వాస ప్రమాణాలనీ, అగస్టీనునీ గౌరవించాడు. గ్రంథం సుప్రీంకోర్టు, మిగతావన్నీ కింది కోర్టులు అన్నాడు, అంతే. కానీ ఆ మాట అన్నాక ఎక్కడ ఆపాలి? 1522లో తన జర్మన్ కొత్త నిబంధన వేసినప్పుడు హెబ్రీయులు, యాకోబు, యూదా, ప్రకటన, ఈ నాలుగింటినీ చివరికి నెట్టి, విషయసూచికలో వాటికి వరస నంబరు కూడా ఇవ్వలేదు. మళ్ళీ విషయసూచికే!

జ్యూరిక్‌లో ఇంకా ఘోరం. అక్కడ సంస్కరణ నడిపిన ఉల్‌రిక్ జ్వింగ్లీ శిష్యులే కొందరు, "పసిపిల్లలకి బాప్తిస్మం ఇవ్వమని బైబిల్లో ఎక్కడుంది?" అని అడిగారు. సూటిగా చూపించగల వాక్యం లేదు. 1525 జనవరిలో వాళ్ళు పెద్దవాళ్ళుగా మళ్ళీ బాప్తిస్మం తీసుకున్నారు. నగర సభ ఒప్పుకోలేదు. 1527 జనవరి 5న వాళ్ళలో ఒకడైన ఫెలిక్స్ మాంజ్‌ని లిమ్మత్ నదిలో ముంచి చంపారు. చంపింది పోపు కాదు, ‘గ్రంథం మాత్రమే’ అన్నవాళ్ళే. "బైబిల్లో ఎక్కడుంది" అన్న ప్రశ్న కత్తి లాంటిది, పట్టుకున్నవాడి చెయ్యి కూడా కోస్తుంది.

ఇప్పుడు ట్రెంట్‌కి వద్దాం. అసలు కథ ఇక్కడుంది.

1545 డిసెంబరు 13న ఉత్తర ఇటలీలోని ట్రెంట్ ఊళ్ళో మహాసభ మొదలైంది. మహాసభ అంటే వేలమందిని ఊహించుకోకండి. 1546 ఏప్రిల్లో ఈ విషయం తేల్చినప్పుడు అక్కడ ఓటున్నవాళ్ళు అరవై మంది కూడా దాటలేదు. పోపు తరఫున ముగ్గురు అధ్యక్షులు: డెల్ మోంటే, చెర్వీనీ, ఇంగ్లండ్ నుంచి పారిపోయొచ్చిన రెజినాల్డ్ పోల్. మొదటి ఇద్దరూ తర్వాత పోపులయ్యారు. మూడోవాడికి కొద్ది ఓట్లలో తప్పిపోయింది.

1546 మార్చిలో వీళ్ళ ముందుకి ఒక ముసాయిదా వచ్చింది. సువార్త సత్యం కొంత రాసిన పుస్తకాల్లో, కొంత రాయని సంప్రదాయాల్లో ఉందని అందులో ఉంది. లాటిన్లో ‘పార్తిం... పార్తిం’, అంటే ‘కొంత... కొంత’. చూడ్డానికి అమాయకంగా ఉంది గానీ, ఇది రెండు డబ్బాల సిద్ధాంతం. బైబిల్లో సగమే ఉంది, మిగతా సగం ఇక్కడుంది అన్నట్టు. ఇద్దరు అడ్డం తిరిగారు. సర్వైట్ సన్యాసుల పెద్ద అగోస్తినో బొనూచ్చి, సువార్త సత్యం అంతా గ్రంథంలోనే ఉంది, కొంత కాదు అన్నాడు. కియోజా బిషప్పు జాకొమో నక్యాంతి ఇంకో అడుగు ముందుకేసి, గ్రంథాన్నీ సంప్రదాయాల్నీ సమానమైన భక్తితో స్వీకరించాలనడం అపచారం అన్నాడు. సభలో గోలగోల. అప్పటికి లూథర్ చనిపోయి రెండు నెలలు కూడా కాలేదు. ఆ గదిలో ఆ మాట అనడానికి ఎంత గుండె ఉండాలో ఆలోచించండి.

ఏప్రిల్ 8న ఖరారు పాఠం చదివినప్పుడు ‘సమానమైన భక్తి’ అలాగే ఉంది. కానీ ‘కొంత... కొంత’ పోయింది. దాని స్థానంలో లాటిన్లో రెండక్షరాల మాట: ‘ఎత్’. అంటే ‘మరియు’. రాసిన పుస్తకాల్లో మరియు రాయని సంప్రదాయాల్లో. ఎందుకు మార్చారో సభ రికార్డుల్లో కారణం రాసిలేదు. అందరూ సమ్మతమని ఓటేశారు. నక్యాంతి మాత్రం సమ్మతం అనకుండా, విధేయుడిగా ఉంటానని మాత్రం అన్నాడు. తనకి ఇష్టం లేని డిజైనుకి సంతకం పెట్టాల్సొచ్చిన ప్రతి ఇంజనీరూ ఈయనకి నమస్కారం పెట్టాలి.

తెలుగులో ‘మరియు’ వాడొద్దని మా మాస్టారు చెవి మెలిపెట్టేవారు. "పుస్తకాల్లోనూ, సంప్రదాయాల్లోనూ అను" అనేవారు. అలాగే అందాం. మా ఊరి కబుర్లు పేపర్లోనూ, టీకొట్టు దగ్గరా దొరుకుతాయి. అంటే కొన్ని పేపర్లో, కొన్ని టీకొట్టులోనా? లేక అవే కబుర్లు రెండు చోట్లానా? వాక్యం చెప్పదు. ట్రెంట్ కూడా చెప్పలేదు. కావాలనే చెప్పలేదని నా నమ్మకం. ఒకే రెండక్షరాల మాట కింద రెండు వర్గాలూ తలదాచుకున్నాయి.

అదే రోజు ఇంకో తీర్మానంలో వల్గేట్ అనే పాత లాటిన్ బైబిలే అధికారిక పాఠమని కూడా చెప్పారు. దాని శుద్ధప్రతి తయారుచెయ్యడానికి 44 ఏళ్ళు పట్టింది. 1590లో పోపు సిక్‌స్టస్ 5 తనే స్వయంగా దిద్ది అచ్చేయించాడు. అన్నీ తప్పులు. ఆ ఏడే ఆయన పోయాడు. వెంటనే కాపీలు వెనక్కి తెప్పించి, 1592లో క్లెమెంట్ 8 పేరుతో కొత్తది వదిలారు. రోల్‌బ్యాక్, హాట్‌ఫిక్స్ మనం కనిపెట్టినవి కాదని చెప్పడానికే ఇది.

ట్రెంట్ తర్వాత ఏమైంది? ప్రొటెస్టంట్లతో యుద్ధవాతావరణంలో ‘మరియు’ లోని మెలిక ఎవరికీ అక్కర్లేకపోయింది. వేదాంత పాఠాల్లో అది మెల్లగా మళ్ళీ ‘కొంత... కొంత’ అయిపోయింది. 1564 నాటి నిషిద్ధ గ్రంథాల నియమాల ప్రకారం సొంత భాషలో బైబిలు చదవాలంటే మామూలు మనిషి రాతపూర్వకంగా అనుమతి తెచ్చుకోవాలి. పోనుపోను సంప్రదాయం అన్న మాటకి అర్థం రోము చెప్పిందే అన్నంత దాకా వచ్చింది. 1870లో గ్వీదీ అనే కార్డినల్, పోపు సిద్ధాంతం ప్రకటించేముందు బిషప్పులనీ సంప్రదాయాన్నీ విచారించాలి అంటే, పోపు పయస్ 9, సంప్రదాయం అంటే నేనే అని కసిరాడని చెబుతారు.

1950 నవంబరు 1న పయస్ 12 మరియమాత శరీరంతో సహా పరలోకానికి తీసుకోబడిందని సిద్ధాంతంగా ప్రకటించాడు. దానికి నాలుగేళ్ళ ముందు బిషప్పులందరినీ అడిగితే దాదాపు అందరూ అవునన్నారు. కానీ బైబిల్లో ఆ సంఘటన లేదు. పోనీ సంప్రదాయం అనే రెండో డబ్బాలో ఉందా అంటే, వుర్జ్‌బర్గ్‌లో బెర్తోల్డ్ ఆల్టానర్ అనే పండితుడు పాత రాతలన్నీ తిరగేసి, అయిదో శతాబ్దానికి ముందు దీని జాడే లేదని చూపించాడు. అంటే అపొస్తలులు నోటితో చెప్పిన వార్త అంచెలంచెలుగా వచ్చిందనే లెక్క కుదరదు. రెండు డబ్బాల సిద్ధాంతం ఇక్కడ కుదేలైంది. మొదటి డబ్బాలో లేదు, రెండో డబ్బా అడుగున కూడా లేదు. మరి ఎక్కణ్ణించి వచ్చింది? ‘చర్చి ధ్యానంలో మెల్లగా అర్థమైంది’ అనాలి. అంటే సంప్రదాయం వస్తువు కాదు, ఎదిగే అవగాహన అని ఒప్పుకోవాలి. ఇది ఎంత అందమైన ఆలోచనో అంత ప్రమాదకరమైనదని నాకనిపిస్తుంది. ఎదిగేదానికి కలుపు కూడా వస్తుంది కదా.

ఆ దశకంలోనే ట్యూబింగెన్‌లో యోసెఫ్ గైసెల్‌మన్ అనే ఆయన ట్రెంట్ కాగితాలు మళ్ళీ తెరిచి, ‘కొంత... కొంత’ తీసేశారు చూడండయ్యా అని గోల మొదలుపెట్టాడు. విశ్వాసం అంతా గ్రంథంలోనూ ఉంది, అంతా సంప్రదాయంలోనూ ఉంది అనొచ్చన్నాడు. చాలామంది ఆయన మీద పడ్డారు. ఫ్రాన్సులో ఈవ్ కోంగార్ ‘సంప్రదాయం, సంప్రదాయాలు’ అని రెండు భాగాల పెద్ద పుస్తకం రాశాడు. ఒకే ఏకవచన సంప్రదాయం వేరు, బోలెడు బహువచన ఆచారాలు వేరని పేరులోనే చెప్పేశాడు. ఇదే కోంగార్‌ని 1954లో పాఠాలు చెప్పకుండా ఆపేసి దేశం దాటించారు. 1994లో కార్డినల్ని చేశారు. ఈ చర్చిలో ఓపికపడితే అన్నీ జరుగుతాయి.

రెండో వాటికన్ మహాసభ 1962 అక్టోబరు 11న మొదలైంది. ఈసారి రెండువేల పైచిలుకు బిషప్పులు. నవంబరు 14న కార్డినల్ ఒత్తావియానీ వర్గం తయారుచేసిన ముసాయిదా వచ్చింది. పేరే ‘ప్రకటన మూలాలు’. బహువచనం చూడండి. నాలుగొందల ఏళ్ళ కింద ట్రెంట్ కొట్టేసిన రెండు డబ్బాలు మళ్ళీ తలుపు తట్టాయి. ఫ్రెంచి కార్డినల్ లియెనార్ లేచి, ఇది నాకు సమ్మతం కాదని మొహమ్మీద చెప్పాడు. దాదాపు చూపు పోయిన కొలోన్ కార్డినల్ ఫ్రింగ్స్ కూడా అదే అన్నాడు. ఫ్రింగ్స్ వెనక సలహాదారు 35 ఏళ్ళ ప్రొఫెసరు, యోసెఫ్ రాట్జింగర్. తర్వాత 2005 నుంచి 2013 దాకా పోపు బెనెడిక్ట్ 16. గ్రంథం, సంప్రదాయం మూలాలు కావు, మూలం దేవుడు తన్ను తాను తెలియజేసుకోవడమే, ఇవి రెండూ అది మనకి చేరే దారులు, అన్నది ఆయన వాదన.

నవంబరు 20న ఓటింగు. ఇక్కడ జరిగిన తమాషా చూసి నేను గంటసేపు నవ్వుకున్నాను. ప్రశ్న ఎలా పెట్టారంటే, "చర్చ ఆపేయాలా?" అని. ముసాయిదా వద్దన్నవాళ్ళు ‘సమ్మతం’ అనాలి, కావాలన్నవాళ్ళు ‘సమ్మతం కాదు’ అనాలి! "క్యాన్సిల్ చెయ్యమంటారా? ఓకే / క్యాన్సిల్" అని అడిగే దిక్కుమాలిన డైలాగ్ బాక్సు గుర్తుకు రావట్లా? ఏది నొక్కాలో తెలీక చాలామంది తికమకపడ్డారు. మొత్తం 2209 ఓట్లు. ఆపేయమన్నవి 1368, వద్దన్నవి 822, చెల్లనివి 19. మూడింట రెండొంతులు కావాలంటే 1473 రావాలి. 105 తగ్గాయి. నిబంధన ప్రకారం ఎక్కువమందికి ఇష్టంలేని ముసాయిదా మీదే చర్చ సాగాలి. మర్నాడు పోపు జాన్ 23 కలగజేసుకుని ముసాయిదాని వెనక్కి తీసుకున్నాడు. ఒత్తావియానీతోపాటు, అవతలి పక్షం వాడైన జర్మన్ జెస్యూట్ కార్డినల్ బేయాని కూడా అధ్యక్షుణ్ణి చేసి, ఉమ్మడి కమిటీకి అప్పగించాడు. నన్నడిగితే ఆ మహాసభ మొత్తం మలుపు తిరిగింది ఆ రోజే.

మూడేళ్ళు చెక్కీ చెక్కీ 1965 నవంబరు 18న ఆమోదించిన పత్రం పేరు ‘దేయి వెర్బుం’, దేవుని వాక్కు. 2344 అవును, 6 కాదు. మొత్తం 26 పేరాలు. తొమ్మిదో పేరాలో విషయం తేల్చారు: గ్రంథమూ సంప్రదాయమూ ఒకే ఊటలోంచి పుట్టి, ఒకదాన్నొకటి కలుపుకుని, ఒకే గమ్యానికి పోతాయి. డబ్బాలు లేవు, కృష్ణలో తుంగభద్ర కలిసినట్టు కూడా కాదు, ఊటే ఒకటి. పదో పేరాలో ఇంకో మాట: వ్యాఖ్యానించే అధికారం ఉన్న పోపూ బిషప్పులూ దేవుని వాక్కుకి పైన లేరు, దానికి సేవకులు. 1870 నాటి కసురుకి ఇదీ జవాబు. ఇరవై రెండో పేరా ప్రకారం బైబిలు అందరి చేతికీ అందాలి. 1564 నాటి అనుమతి కాగితం చరిత్రలో కలిసిపోయింది.

రాజీ లేకుండా జరిగిందనుకోకండి. చివర్లో, అక్టోబరులో, పోపు పాల్ 6 పట్టుబట్టి ఒక వాక్యం చేర్పించాడు. ప్రకటించబడిన విషయాలన్నిటి గురించీ చర్చికి కలిగే నిశ్చయం ఒక్క గ్రంథం నుంచే రాదు, అని. జాగ్రత్తగా చూడండి. ‘సమాచారం’ అనలేదు, ‘నిశ్చయం’ అన్నారు. బైబిల్లో లేని విషయాలు సంప్రదాయంలో ఉన్నాయా అన్న ప్రశ్న మళ్ళీ తెరిచే ఉంచారు. ట్రెంట్ వాళ్ళ మనవళ్ళే!

నాకు మాత్రం ఒక లోటు కనిపిస్తుంది, దాన్ని నాకంటే ముందే చెప్పినాయన ఉన్నాడు. 1964 సెప్టెంబరు 30న షికాగో కార్డినల్ ఆల్బర్ట్ మేయర్ లేచి, సంప్రదాయం ఎదుగుతుందంటున్నారు బానే ఉంది, కానీ అది కొన్నిసార్లు పక్కదారి కూడా పడుతుంది, దాన్ని గ్రంథంతో సరిచూసుకోవాలని కూడా రాయండి అన్నాడు. రాయలేదు. తర్వాత రాట్జింగరే తన వ్యాఖ్యానంలో, ఇది పోగొట్టుకున్న అవకాశమని విచారించాడు. యూనిట్ టెస్టులు లేకుండా రిలీజ్ చేశారన్నమాట.

ఈ చోట నాకు మన మీమాంసకులు గుర్తొచ్చారు. వేదంలో కనపడని ఆచారాన్ని ఏం చెయ్యాలన్న ప్రశ్న వాళ్ళకీ వచ్చింది. ఆచారానికి మూలమైన వేదవాక్యం ఎక్కడో ఉండి ఉంటుందని ఊహించుకోవచ్చన్నారు. కానీ వెంటనే రెండు తాళాలు బిగించారు. ఉన్న వేదవాక్యానికి విరుద్ధమైతే ఆచారం చెల్లదు. దాని వెనక ఎవరి స్వార్థమైనా కనపడినా చెల్లదు. శబరస్వామి ఇచ్చిన ఉదాహరణ చూడండి. యాగంలో పాతే మేడి గుంజకి మొత్తం గుడ్డ చుట్టాలని ఒక స్మృతి ఉంది. దాన్ని తాకాలని వేదం చెబుతోంది. మరి ఈ చుట్టడం ఎక్కణ్ణించి వచ్చింది? గుడ్డ మీద ఆశతో ఎవరో మొదలుపెట్టి ఉంటారంటాడు! మేయర్‌గారు అడిగింది సరిగ్గా ఈ తాళాలే. (మన దగ్గర ఆ తాళాలు ఎంతమంది వాడారన్నది వేరే కథ, అది ఇక్కడొద్దు.)

ఇదంతా మా కుర్రాడికి రెండు మూడు లంచ్‌లలో చెప్పాను. మక్కబీయుల దగ్గర మాత్రం బాగా హుషారయ్యాడు. వాళ్ళమ్మగారికి ఫోన్ చేసి, "అమ్మా, మన బైబిల్లో ఉంది, రెండో మక్కబీయులు 12 తియ్యి," అన్నాడట. ఆవిడ తీసి చదువుకుని, కాసేపాగి, "ఇది లేకపోతే మాత్రం మీ నాన్న కోసం ప్రార్థన మానేస్తానేంట్రా?" అందిట.

ఈసారి కూడా నవంబరు 2కి సెలవు పెట్టేశాడు. రిలీజు నా నెత్తిన పడింది.